బుజ్జికి నాన్న రాసేది

చి. బుజ్జికి,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నీ గొంతు విని పదకొండు రోజులైంది. మీ రైళ్లెక్కే కొండదారి ఘాట్‌లో ఫోను సిగ్నల్ అందదని నువ్వే చెప్పావు, డ్యూటీ దిగాక నిద్రే సరిపోదనీ తెలుసు. అందుకే ఫోన్ చేసి విసిగించకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే మీ అమ్మ నా చేతిలోంచి లాక్కుంటుంది కూడా.

కాలవకి నీళ్లొచ్చాయి. ఆకుమడి బాగా ఎదిగింది, వచ్చే వారం ఊడ్పులు. సుబ్బులత్త మోకాలి ఆపరేషన్ వద్దంటే వద్దంటోంది. గౌరి ఈనింది, పెయ్య పుట్టింది. జున్ను వండి, నీకిష్టమని గుర్తొచ్చి మీ అమ్మ తను ముట్టుకోలేదు.

మొన్న రాంబాబు వచ్చాడు. ఏదో అన్నాడు. అది తర్వాత రాస్తాను.

ఇగత్‌పురిలో వానలు ఎలా ఉన్నాయి? సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగు మీద సుద్దతో గీసి చూపించావు కదా, కసారా నుంచి ఇగత్‌పురి దాకా 37 అడుగులు నడిస్తే ఒక అడుగు పైకెక్కే దారి అని. నువ్వు వెళ్లాక క్యాలెండర్ వెనక లెక్క వేశాను. 1,500 టన్నుల గూడ్సు ఆ ఎక్కుడు మీద ఉంటే, దాన్ని కిందికి గుంజే బరువే 40 టన్నులు దాటుతోంది! అంతా ముందు ఇంజనే లాగితే ఆ బరువు మొత్తం ఇంజన్నీ పెట్టెల్నీ కలిపే మొదటి కప్లింగ్ మీద పడుతుంది. వెనక మీ బ్యాంకర్లు, అదే ఆ తోపుడు ఇంజన్లు, తోస్తే ఆ భారం పంచుకున్నట్టు. ఖర్మ చాలక మధ్యలో ఎక్కడైనా కప్లింగ్ తెగినా, వెనక్కి జారబోయే పెట్టెలకి అడ్డు మీరే. 1865లో తెరిచిన దారి అది, మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పదమూడేళ్లకి. కాలవ గట్టు తప్ప ఇంకో ఎత్తు ఎరగని ఊళ్లో పుట్టి నువ్వు ఆ కొండ మీద పని చేస్తున్నావంటే, రోజుకోసారైనా ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేను.

రాంబాబు అన్నది ఇది. నిన్ను బ్యాంకర్ మీద వేశారని బాధపడుతున్నావట. ఎక్స్‌ప్రెస్‌లు నడిపే నీ బ్యాచ్ వాళ్ల ముందు చిన్నతనంగా ఉందని అన్నావట. నాకు నమ్మబుద్ధి కాలేదు. అయినా రాత్రి నిద్ర పట్టలేదు, మా నాన్న గుర్తొచ్చాడు.

నాకప్పుడు పన్నెండేళ్లు. దాళ్వా వడ్లు కళ్లంలోంచి ఇంటికి తోలుతున్నాం. బండి మీద పదిహేను బస్తాలు, ఒక్కోటి 75 కిలోలు. చెరువు చేను పక్కన గట్టెక్కే చోటు గుర్తుందిగా, ఇప్పుడు సిమెంటు వేశారు, అప్పుడు ఉత్త నల్లమట్టి. ఉన్నట్టుండి జల్లు పడింది. ఆ మట్టి తడిస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసు. మీ తాతయ్య ముందు ఎద్దుల దగ్గర, మీ పెదతాత వెనక బస్తాలకి భుజం ఆనించి, నేను చక్రం వెనక వెయ్యడానికి రాయి పట్టుకుని. సగం గట్టు ఎక్కాక ఎద్దులు ఊపిరి తీసుకోవడానికి ఆగాయి. పెదతాత మంచి బలశాలి, ఆగలేక ఒక్క తోపు తోశాడు. బండి ఎద్దుల మీదకి పోయింది. మైలెద్దు మోకాళ్ల మీద కూలింది. ఆయన బెదిరిపోయి చెయ్యి వదిలేశాడు. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. రాయి వేశాను. చక్రం ఆ రాయిని మట్టిలోకి నొక్కుకుంటూ వచ్చి, నా బొటనవేలికి జానెడు దూరంలో ఆగింది. దాని ఇనప పట్టాకి అంటిన తడిమట్టి మెరుస్తుండటం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తాతయ్య ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఎద్దుని లేపాడు, మోకాళ్లు తుడిచాడు, కళ్లం నుంచి ఎండుగడ్డి తెప్పించి చక్రాల ముందూ ఎద్దుల కాళ్ల కిందా పరిపించాడు. అప్పుడు పెదతాతతో, “నేను హో అన్నాకే తొయ్యి. నేను ఆగితే నువ్వూ ఆగు, చెయ్యి మాత్రం తియ్యకు” అన్నాడు. బండి ఎక్కింది.

అరుగు మీద నువ్వు చెప్పిందీ అదే కదమ్మా. ముందు వాళ్లు తగ్గించినా మీరు తోస్తూనే పోతే వంపుల్లో పెట్టెలు పట్టాలు తప్పొచ్చు, మీరు మందగిస్తే బరువంతా మళ్లీ కప్లింగ్‌ల మీదే. పైగా మీకు ముందు ఇంజను కనపడదు. మలుపులు, టన్నెళ్లు, మంచు. వాకీటాకీలో మాట, కూత, అంతే ఆధారం. ఇది చిన్న పని అని నీకు ఎవరు చెప్పారు?

ఇంకో మాట. చక్రం జారితే పట్టా మీద పోసే ఇసక పొడిగా ఉందో లేదో ఎక్కే ముందు చూసుకో, తడిసిన ఇసక దిగదు. రాత్రి డ్యూటీకి ముందు కనీసం ఐదు గంటలు పడుకో. వడాపావ్‌తో సరిపెట్టకు, కుక్కరులో గుప్పెడు బియ్యం పడెయ్యడానికి ఎంతసేపు? తల తడిస్తే వెంటనే తుడుచుకో, నీకు చిన్నప్పటి నుంచీ పడిశం ఛాతీలోకి దిగుతుంది.

రాంబాబు ఇంకోటి కూడా అన్నాడు. రాజీనామా కాగితం రాసి బ్యాగులో పెట్టుకున్నావని. మీ అమ్మకి చెప్పలేదు. నిజమైతే నాకు కోపం లేదు తల్లీ. ఉద్యోగం వచ్చినప్పుడు ఊరంతా స్వీట్లు పంచాను కాబట్టి నాన్న ఏమంటాడో అని నువ్వు లోపల్లోపల నలిగిపోకు. కాకపోతే అది ఎవరి చేతికీ ఇవ్వకముందు నాలుగు రోజులు సెలవు పెట్టి రా. ఎవరైనా ఏదైనా అన్నారా, ఘాట్‌లో ఏదైనా చూసి భయపడ్డావా, అరుగు మీద కూర్చుని చెప్పు. నేను మధ్యలో మాట్లాడను.

పదహారో తారీఖున వెంకటరత్నం వాళ్లు షిర్డీకి నర్సాపురం–నాగర్‌సోల్ బండిలో వస్తున్నారు. కొత్త ఆవకాయ, పూతరేకులు, మంచి రెయిన్‌కోటు పంపుతున్నాను. రెస్ట్ ఉంటే వెళ్లి తీసుకో, లేకపోతే కొరియర్ చేయమంటాను. రెయిన్‌కోటు ఒక సైజు పెద్దదే కొన్నాను, లోపల స్వెటర్ వేసుకోవాలి.

ఉత్తరం అందగానే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు. రాత్రి రెండింటికైనా పర్వాలేదు, ఫోను నా తలగడ పక్కనే ఉంటుంది.

ఇట్లు,
నాన్న