బంతిని అపార్థం చేసుకుంటారా?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ క్రీడల పేజీలో ‘బంతి గమనాన్ని అపార్థం చేసుకుని బౌల్డయ్యాడు’ అన్న వాక్యం చదివి మా మనవడు పకపకా నవ్వాడు. ‘బంతి ఏమన్నదని తాతా, అపార్థం చేసుకోడానికి?’ అంటాడు. ఎనిమిదో తరగతి పిల్లాడికి తట్టింది మీ డెస్కుకు తట్టలేదు. దాని కిందే ‘క్యాచ్‌ను తప్పుగా తీర్పు చేశాడు’ అని ఇంకోటి. తీర్పు చెప్పాలంటే రచ్చబండో కోర్టో ఉండాలి గదండీ.

మాది కొండపి పక్క పల్లె, పొగాకు సేద్యం. నిరుడు ఒకరోజు తెల్లవారుజామున ట్యూబులైటు కింద కూర్చుని ఆకు గ్రేడు చేశాం. నిమ్మపండు రంగులో నిగనిగలాడింది. మేలురకం ‘బ్రైట్’ గ్రేడేనని బేలు (మూట) కట్టి వేలం కేంద్రానికి తోలాం. అక్కడ పగటి వెలుతుర్లో విప్పితే లోపలి ఆకులకు గోధుమరంగు మచ్చలు! నోబిడ్, అంటే ఎవరూ పాట పాడలేదు. ఇంటికొచ్చి మా ఆవిడతో ‘రంగు చూసి పొరబడ్డా’ అన్నా. ‘ఆకును అపార్థం చేసుకున్నా’ అని ఉంటే నన్ను ఎగాదిగా చూసేది.

అపార్థం మనుషుల మధ్య పుట్టేది. ఒకరి మాటకో చేష్టకో లేని అర్థం తీయడం. ఓ పెళ్లిలో నేను కళ్లజోడు మరిచిపోయి, ఎదురుగా వస్తున్న మా వియ్యంకుణ్ణి వంటాయన అనుకుని ‘సాంబారు ఇటు పంపించు’ అన్నా. కావాలనే అన్నానని ఆయన ఆర్నెల్లు మా గడప తొక్కలేదు. నాది పొరబాటు, ఆయనది అపార్థం. ఇద్దరి మధ్యా మిగిలినవి పొరపొచ్చాలు.

ఇక పొగాకు రైతు దగ్గర డబ్బు మూలుగుతుందని ఊళ్లో అనుకుంటారే, అది అపోహ. (గీత 15వ అధ్యాయం 15వ శ్లోకంలో ‘అపోహనం’ అంటే తొలగిపోవడం. తెలుగులోకి వచ్చాక ఆ మాట తొలగకుండా పాతుకుపోయే తప్పుడు నమ్మకమైంది. చిత్రమే!)

వాన, దిగుబడి, బరువు, దూరం లాంటి వాటి విషయంలో ‘అంచనా తప్పింది’ అంటే సరిపోతుంది. ‘బంతి బయటికి పోతుందనుకుని పొరబడ్డాడు’, ‘అంచనా తప్పి క్యాచ్ వదిలేశాడు’ అని రాస్తే మీ పేజీలో చోటు కూడా కలిసొస్తుంది.

మా వాడు ఇప్పుడు పేపరు రాగానే క్రీడల పేజీ లాక్కుంటున్నాడు. స్కోర్ల కోసం కాదు, చేతిలో ఎర్ర పెన్ను ఉంటోంది.

ఇట్లు,
ఒక పొగాకు రైతు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా