జవాబు కవరు లోపలే పెట్టాను

చిరంజీవి పాపకు, నాయన ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమం తెలుపగలవు అని రాయడం పాత మర్యాద, ఈసారి మాత్రం మర్యాదకు రాయడం లేదు. నీ గొంతు విని ఆరు వారాలైంది. అమ్మ వాట్సాప్‌లో ఏం పెట్టినా ఒక బొటనవేలు వస్తోంది. బొటనవేలు చూసి మనిషి అన్నం తిన్నదో లేదో ఎట్లా తెలిసేది? కోపంతో రాయడం లేదులే. రిటైరయ్యాక చేతిరాత పాడైపోతోంది, అలవాటు తప్పకూడదని రాస్తున్నా.

ఎండలు మండిపోతున్నాయి. పెదనాయన మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, అప్పుడే స్కూటర్ ఎక్కుతానంటున్నాడు, ఎవరి మాట వింటాడు ఆయన. కింద పోర్షన్ వాళ్ళు ఖాళీ చేశారు. గంగమ్మ జాతరకు ఇంకా మూడు వారాలుంది. పోయిన ఆదివారం చంద్రగిరిలో రమణ కూతురి నిశ్చితార్థానికి వెళ్ళాం. పంక్తిలో కూర్చున్నాక సుజాత పిన్నమ్మ అందరూ వినేలా "ఏం బావా, పాప ల్యాబు మానేసిందంట కదా, మావాడు బెంగళూరులో విన్నాడు" అంది. "అదేం లేదు, పేపరు రాసుకునే పనిలో ఉంది" అన్నాను. అన్నానే గానీ ఆకులో ఓలిగ అట్లే ఉండిపోయింది. నిజమా కాదా అని నేనడగడం లేదు. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్తావు.

నీ పని గురించి నాకు తెలిసింది తక్కువ. ఆర్‌ఎంఎస్‌లో, అదే రైల్వే మెయిల్ సర్వీసులో, ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు సార్టింగ్ చేసినవాడికి ఏదైనా ఉత్తరాల లెక్కలోనే అర్థమవుతుంది. నువ్వు ఎమ్మెస్సీలో ఉండగా అన్నం దగ్గర చెప్పావు, మెదడులో ఒక కణం ఇంకో కణానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో కబురు పంపుతుందని, కబురు చేరగానే దాన్ని ముక్కలు చేసే ఎంజైము ఒకటి అక్కడే కాచుకొని ఉంటుందని. "అంటే చదవగానే ఉత్తరం చింపేసేవాడన్నమాట" అన్నాను. నవ్వావు. అల్జీమర్స్‌లో ఆ ఉత్తరాలు రాసే కణాలే రాలిపోతుంటాయని, అవ్వకు ఇచ్చిన డోనెపెజిల్ కొత్త ఉత్తరాలు పుట్టించదని, చింపేవాడి చెయ్యి పట్టుకుంటుందంతేనని, రాసేవాళ్ళే తగ్గిపోయాక ఆ మాత్ర కూడా పెద్దగా చేయగలిగింది ఉండదని చెప్పావు. అవ్వ పోయిన ఇన్నేళ్ళకు నాకు ఆ మాత్ర ఏంటో తెలిసింది.

శాస్త్రవేత్త ఓటో లోవీ కథ కూడా ఆ పూటే చెప్పావు. కలలో ప్రయోగం తట్టి, అర్ధరాత్రి లేచి చీటీ మీద గీకి పడుకున్నాడంట, తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదంట. మరుసటి రాత్రి అదే కల మళ్ళీ వస్తే నేరుగా ల్యాబుకే పోయాడు. ఒక కప్ప గుండెను దాని నరం రేపి నెమ్మదింపజేసి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని ఇంకో కప్ప గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. నరాలు రసాయనంతో మాట్లాడతాయని 1921లో అట్లా బయటపడింది, 1936లో నోబెల్ వచ్చింది. ఆ చీటీ మా సెక్షన్‌కు వచ్చి ఉంటే మొదటి రాత్రే చదివిపెట్టేవాళ్ళం. డాక్టర్ల ప్రిస్క్రిప్షన్ లాంటి అడ్రసులే చదివినవాళ్ళం.

రోజుకో వేషం కట్టే మన గంగమ్మ జాతర అనగానే అవ్వ తప్పిపోయిన రాత్రి గుర్తొచ్చింది. 2009. నీకు పద్నాలుగేళ్ళు. అమ్మ అన్నం పెట్టడానికి గదిలోకి పోతే మంచం ఖాళీ, చెప్పులున్నాయి, మనిషి లేదు. పెదనాయన రైల్వే స్టేషన్‌కు పరిగెత్తాడు, రమణ అలిపిరికి. ఎందుకంటే అవ్వ ఏడాదిగా నడిచి కొండెక్కుతానని ఒకటే పట్టు, 3,550 మెట్లు, మన ఇంటి మెట్లు పదమూడు దిగడానికే ఇద్దరం పట్టుకోవాలి. నేను గోవిందరాజస్వామి కోనేరు వైపు బండి తీస్తే నువ్వు వద్దన్నా వెనకాల ఎక్కావు. కోనేరు దగ్గర లేదు. నీళ్ళ వైపు చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు, నువ్వే చూశావు. తర్వాత నువ్వే అన్నావు, "నాయనా, డప్పులు వినిపిస్తున్నాయి కదా, తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోదాం" అని. గుడి వీధిలో ఎవరిదో అరుగు మీద కూర్చొని ఉంది. ఎదురుగా పదేళ్ళ పిల్లోడు, ఒళ్ళంతా కుంకుమ. వాడిని నిలబెట్టి చెప్తోంది, "బండ వేషం నిన్నటికే అయిపాయె, ఈ పొద్దు తోటి వేషం, బొగ్గు పూసుకోవాల, మీ అమ్మ చెప్పలేదంట్రా నీకు?" బైరాగి నుంచి మొదలుపెట్టి దొర, మాతంగి, సున్నపు కుండలు అన్నీ వేళ్ళ మీద లెక్కపెడుతోంది. నేను "అమ్మా" అన్నాను. నా ముఖం చూసి కొంగు సర్దుకొని "ఎవురు నాయనా మీరు?" అంది.

మీరు అంది పాపా. మా అమ్మ నన్ను అంతకుముందు ఏ రోజూ మీరు అనలేదు. మళ్ళీ తనే, "మా కొడుకు రైలు పోస్టాఫీసులో పని, రాత్రి డ్యూటీ, వానికి నిద్ర చాలదు, నేనిట్లా వచ్చినానని వానికి చెప్పొద్దండి" అంది. "మీ కొడుకే పంపించాడమ్మా" అంటే లేచి నా చెయ్యి పట్టుకుంది. బండి నీకిచ్చి తోసుకురమ్మని, నేను తనతో నడిచాను. ఇంటిదాకా నాకు నా గురించి చాలా మంచి మాటలు చెప్పింది.

ఆ రాత్రి వల్లే నువ్వు ఈ చదువు చదివావని అమ్మ ఊరంతా చెప్తుంది. నాకట్లా అనిపించదు. నీకు మెడిసిన్ సీటు రాలేదు, బయోకెమిస్ట్రీ వచ్చింది, అంతే.

సంక్రాంతికి వచ్చినప్పుడు పక్కింటాయన అల్జీమర్స్ కొత్త మందు గురించి అడిగాడు గుర్తుందా, లెకానెమాబ్. నువ్వు ఓపికగా చెప్పావు, అమెరికాలో 2023లో అనుమతి వచ్చిందని, జబ్బు తొలి దశలో ఉన్నవాళ్ళకేనని, 18 నెలల పరీక్షలో దిగజారడం 27 శాతం నెమ్మదించిందని, ఆగలేదని, మెదడులో వాపు, రక్తపు చారలు రావచ్చు కాబట్టి ఎమ్మారైలు తీస్తుండాలని. నేను "ఇంతేనా" అన్నాను. ఆయన ముందు. నువ్వు లేచి లోపలికి పోయి గిన్నెలు కడిగావు. సంక్రాంతి తర్వాతే నీ ఫోన్లు తగ్గాయని అమ్మ అంటుంది, నేను లెక్కపెట్టలేదు అన్నాను, పెట్టాను. ఆ 27 శాతం అవ్వకు అంది ఉంటే, ఆ రాత్రి నన్ను "నువ్వు" అనేదేమో. చాలా పెద్దదే అది.

సరే, ఇంకోటి. అల్జీమర్స్ మెదడులో పేరుకునే ప్రొటీను అమిలాయిడ్ మీద 2006లో నేచర్ పత్రికలో వచ్చిన పేపరులో బొమ్మలు దిద్దారని తేలి, 2024లో వెనక్కి తీసుకున్నారని వార్తల్లో చదివి నేను కంగారుపడి ఫోన్ చేస్తే, "నాయనా, అమిలాయిడ్ ముక్కను 1984లోనే వేరుచేశారు, జన్యువుల సాక్ష్యం వేరే ఉంది, ఒక్క సంచి తప్పు బండి ఎక్కితే మీ రైలు ఆగిపోయేదా" అని నువ్వే నాకు ధైర్యం చెప్పావు. అప్పుడు అంత చల్లగా మాట్లాడినదానివి ఇప్పుడు ఏమైంది? అడగడం లేదు, అనుకుంటున్నా.

మానేస్తే మానెయ్. లెక్చర్ కాదు, ఒక్క మాట. మానేసేముందు ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకో, ఫెలోషిప్‌కు పీఎఫ్ ఉండదని తెలుసు కదా, రూము అడ్వాన్సు ఎంత తిరిగొస్తుందో కనుక్కో, నోట్‌బుక్కులన్నీ కాపీ తీసి పెట్టుకో, ఎవరితోనూ మాట పెంచుకొని బయటికి రావద్దు. ఎలుకల గదిలో ఏసీకి తల నొప్పి అంటావు, చెవులకు గుడ్డ కట్టుకోమంటే వినవు. రాత్రి రెండింటికి మెసేజ్ చూసినట్టు నీలం గీతలు పడుతున్నాయి. నిద్ర లేకపోతే మెదడు ఏమవుతుందో నేనా నీకు చెప్పేది?

మొన్న రమణకు కవరు రాస్తుంటే మదనపల్లె పిన్‌కోడు ఒక్క నిమిషం తట్టలేదు. 517325. తర్వాత వచ్చింది. కళ్ళు మూసుకొని గళ్ళలో వేసిన ఊరు. వయసే కదా? అమ్మకు చెప్పలేదు.

ఈ ఉత్తరం రిజిస్టర్డ్ చేద్దామంటే 2025 సెప్టెంబరులో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టులోనే పంపుతున్నా. లోపల ఇంకో కవరు ఉంది చూడు, మన కొర్లగుంట అడ్రసు, 517501 అన్నీ రాసి స్టాంపు అంటించాను. మానేశాను అని రాసినా సరే, మానలేదు అని రాసినా సరే, రెండు ముక్కలు చాలు. బొటనవేలు వద్దు.

నాయన

తా.క. అమ్మ నిప్పట్లు, తెల్లగడ్డ కారం విడిగా బస్సు పార్సిల్‌లో వేసింది. కారం డబ్బా మూత వదులుగా ఉంది, సంచి తలకిందులు చేయకుండా నిలబెట్టి తియ్యి.