పక్క తలుపు తాళం

చిన్నోడా,

నువ్వు పంపిన అర్జెంటీనా బ్యాండు కాషెహేరోస్ పాటలు రెండుసార్లు విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆ గొంతులో మన పేట కుర్రాళ్ల గోల లాంటిదేదో ఉంది. వాళ్ల షోలో మంటలు రేగిన సంగతి చెప్పి, "తప్పెవరిది నాన్నా?" అని అడిగి వదిలేశావు. అప్పటినుంచి వాళ్ల గురించి దొరికిందల్లా చదువుతూ కూర్చున్నాను.

బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో విల్లా సెలీనా కుర్రాళ్లు 1995లో మొదలుపెట్టిన బ్యాండు. వాళ్ల అభిమానులు జెండాలూ మతాబాలూ పట్టుకుని వచ్చేవారు. మతాబాలు వెలగకపోతే షో చప్పగా ఉన్నట్టేనట. బ్యాండు వాళ్లకీ ఆ హడావిడి ఇష్టమే. 2004 డిసెంబరు 30న ఓన్సే ప్రాంతంలోని రెపూబ్లికా క్రోమాన్యోన్ హాల్లో వరసగా మూడో రాత్రి షో. అనుమతి 1,031 మందికి, లోపల సుమారు మూడు వేలు. హాలు నడిపే ఒమర్ చబాన్ ముందే మైకు పట్టుకుని, బాణసంచా కాల్చొద్దని తిట్టాడు కూడా. మొదటి పాట నడుస్తుండగానే ఎవరో కాల్చారు. పైకప్పుకి కట్టిన ప్లాస్టిక్ వల అంటుకుంది, దాని మీద చప్పుడు బయటికి పోకుండా వేసిన ఫోమూ అంటుకుంది. కరెంటు పోయింది. చీకట్లో సైనైడ్ కలిసిన పొగ. ఎమర్జెన్సీ తలుపుకేమో తాళం, తీగ. 194 మంది చనిపోయారు. బయటపడిన పిల్లలు కొందరు స్నేహితుల కోసం మళ్లీ లోపలికి వెళ్లారట. అక్కడ ఆగి ఫోన్ పక్కన పెట్టేశాను.

గాయకుడు ఫోంతానెత్ ప్రియురాలూ, డ్రమ్మర్ తల్లీ అందులోనే పోయారు. 2009లో కోర్టు బ్యాండుని వదిలేసింది, 2011లో పైకోర్టు దోషులంది. చబాన్‌కీ, లంచం తిన్న పోలీసు అధికారికీ శిక్ష పడింది. నగర పాలకుడు ఇబార్రా పదవి 2006లో పోయింది. హాలు ఫైర్ సర్టిఫికెట్‌కి అప్పటికి నెల కిందటే గడువు తీరిందట. డ్రమ్మర్‌ది ఇంకో కథ. 2010లో భార్యకి నిప్పంటించి చంపినందుకు జైలుకెళ్లాడు. వాడి మీద నాకు జాలి లేదు.

టికెట్ లేనివాళ్లు దూరకుండా ఆ తలుపు మూశారని ఒకచోట చదివాను. అది చదివాక నిద్ర పట్టలేదురా. పెళ్లికి ముందు నేను రెండేళ్లు సినిమా హాల్లో గేటు దగ్గర పనిచేశానని నీకు తెలుసు కదా. పెద్ద హీరో సినిమా మొదటి రోజంటే నేల టికెట్ వాళ్లు తెర ముందు కర్పూరం వెలిగించేవారు, చిచ్చుబుడ్లు కాల్చేవారు. చినిగిన కాగితాలు మోకాళ్ల దాకా ఉండేవి. మేము కూడా ఈలలు వేసేవాళ్లం. టికెట్ లేకుండా పక్క తలుపు గుండా దూరుతున్నారని మేనేజరు గొణిగితే, గొలుసు వేసి తాళం పెట్టింది నేనే. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఎందుకంటే ఏమీ జరగలేదు.

షో మొదలయ్యాక నేను ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్లేవాణ్ణి. ఇంటర్వెల్ బెల్లు కొట్టేదాకా అక్కడే. తాళంచెవి నా జేబులో ఉండేది.

మీ నాన్న