మంట సంగతి దాచకు, చిన్నీ

చిన్నీ,

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారికి కొత్త కళ్లద్దాలు వచ్చాయి. బాబిగాడి పరీక్షలు అయిపోయాయి. నువ్వు ఫోన్ ఎత్తకపోతే పనుల్లో ఉన్నావనుకున్నాను. నిన్న మాటల్లో మీ వదిన నోరు జారింది. ఒంటికి వెళ్తే నీకు మంటగా ఉంటోందట, మాత్రలు వేసుకుంటే తగ్గి మళ్లీ మొదలవుతోందట. ఆ పిల్లని ఏమీ అనకు.



మీ పెద్దత్తకీ ఇలాగే మొదలైంది. వెళ్లిన ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ అని మాత్రలు రాసేవారు. ధార సన్నబడింది, లేచి నిలబడ్డాక చుక్కలు పడి బట్టలు తడిసేవి. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. కిడ్నీల స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. చివరికి ఒక లేడీ డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి లోపల వేలితో చూస్తే, యోని ముందు గోడ దగ్గర గట్టిగా గడ్డ తగిలింది. రాయి! ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆడవాళ్లకి మూత్రం బయటికొచ్చే దారి నాలుగు సెంటీమీటర్లే, తిన్నగా ఉంటుంది, అందుకే పైనుంచి దిగిన రాయి మామూలుగా బయటికి వచ్చేస్తుంది. అక్కడే ఉండిపోయిందంటే ఏదో కారణం ఉంటుంది. దారి సన్నబడి ఉండొచ్చు, పాత ఆపరేషన్ కుట్టో, అప్పుడు ఆసరాగా పెట్టిన మెష్ అనే వల ముక్కో లోపలికి వచ్చి ఉండొచ్చు, లేదా గోడలో సంచిలా ఏర్పడి అందులో మూత్రం నిలిచి రాయి కట్టి ఉండొచ్చు. అత్తకి సంచే. సీటీ స్కాన్‌లో రాయి, ఎమ్మారై స్కాన్‌లో సంచి కనిపించాయి. ముందు ఇన్‌ఫెక్షన్ తగ్గించి, మత్తిచ్చి, కింద నుంచే రాయినీ సంచినీ తీసేశారు. పొట్ట మీద కోత లేదు. కొన్నాళ్లు కాథెటర్‌తో, అంటే మూత్రం పోయే గొట్టంతో ఉంది, అంతే. సంచి లేకుండా రాయి అంచులోనే ఉంటే పట్టకారుతో తీస్తారట. లోపలుంటే మూత్రాశయంలోకి నెట్టి లేజర్‌తో పగలగొడతారట.

నీకూ రాయే అనడం లేదు. మంట ఎక్కువమందికి ఉత్త ఇన్‌ఫెక్షనే. కానీ పదేపదే వస్తుంటే మాత్రల చీటీతో సరిపెట్టుకోకూడదు. మందు మొదలుపెట్టకముందే యూరిన్ కల్చర్‌కి ఇవ్వు, మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష అది. చేత్తో పరీక్ష చేయమని నువ్వే అడుగు. చుక్కలు పడుతున్నా, మీ ఆయనతో ఉన్నప్పుడు నొప్పి ఉన్నా దాచకుండా చెప్పు. నెల తప్పిన అనుమానం ఉంటే సీటీకి ముందే చెప్పాలి. ఏదైనా చేతికి తగిలితే నువ్వు గిల్లి లాగొద్దు. చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లు. నీళ్లు తాగుతున్నావా? ఆఫీసులో బిగబట్టుకునే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది నీకు.

డాక్టర్ని ఏ రోజు చూస్తావో మెసేజ్ పెట్టు. ముందురోజు సాయంత్రానికి వచ్చేస్తాను, పాపని నేను చూసుకుంటాను. పాత రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచు.

మీ అమ్మ