బ్రెడ్డు కోసే కరెంటు కత్తి: కొనేముందు, కొన్న తరువాత

సంపాదకులకు,

అయ్యా,

ఇంట్లోనే బ్రెడ్డు తయారుచేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పిండి కలపడం, పొంగనివ్వడం, ఓవెన్ వేడి చూసుకోవడం వంటివన్నీ వివరంగా రాసిన రచయిత్రి, ముక్కలు కోయడానికి వచ్చేసరికి ఎలక్ట్రిక్ నైఫ్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుందని ఒక్క వాక్యంతో తేల్చేశారు. ఏడేళ్లుగా వారానికి రెండుసార్లు గోధుమపిండి బ్రెడ్డు కాలుస్తూ, అలాంటి కత్తిని ఒకదాన్ని తగలబెట్టి రెండోదాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడుకుంటున్నదాన్ని కనుక, ఆ వాక్యంలో ఇమడని సంగతులు కొన్ని చెప్పాలనిపించింది.

బ్రెడ్డు కోయడం కూడా ఒక సమస్యేనా, దానికి పత్రికకు ఉత్తరమా అని నవ్వేవారుంటారు. 1943 జనవరిలో అమెరికా ప్రభుత్వం యుద్ధకాలపు పొదుపు పేరుతో ముక్కలుగా కోసిన బ్రెడ్డు అమ్మకాన్ని నిషేధించినప్పుడు, భర్తకూ నలుగురు పిల్లలకూ కలిపి పొద్దున్నే కనీసం ముప్పై ముక్కలు చేత్తో కోయవలసి వస్తోందని ఒక గృహిణి న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం రాసింది. మార్చిలో ఆ నిషేధాన్ని ఎత్తేశారు.

నా మొదటి కత్తిని మా చెల్లెలి కోడలు డాలస్ నుంచి వస్తూ ప్రేమగా తెచ్చింది. పలకల్లాంటి రెండు పిన్నుల ప్లగ్గు మన సాకెట్టులో పట్టదు కాబట్టి, వీధి చివరి కరెంటు సామాన్ల కొట్లో ఒక అడాప్టర్ కొని తగిలించాను. మీట నొక్కగానే అది కీచుమంటూ విపరీతమైన వేగంతో ఆడి, రెండో ముక్క సగంలో ఉండగానే కమురు వాసన వేసి ఆగిపోయింది. అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని తగ్గించదు. అదే అడాప్టర్‌తో వాళ్ల ఫోన్ చార్జరు చక్కగా పనిచేసింది కదా అన్నదే నన్ను మోసం చేసింది. చార్జరు మీద 100 నుంచి 240 వోల్టుల వరకు అని రాసి ఉంటుంది, కత్తి పిడి కింద 120 అని మాత్రమే ఉంది. వోల్టేజీని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని వాడవచ్చు గానీ, కత్తి కన్నా బరువైన ఆ పెట్టెను వంటగట్టు మీద మోసుకుని తిరగడం కన్నా ఇక్కడి కరెంటుకు తయారైన కత్తిని కొనుక్కోవడమే నయం.

ఇంతకూ అందరికీ ఈ కత్తి అవసరమా అంటే, కాదనే చెబుతాను. పాలు పోసి చేసిన మెత్తని బ్రెడ్డుకు రంపపు పళ్లున్న పొడవాటి మామూలు కత్తి చాలు. పైన పెచ్చు గట్టిగా ఉండి లోపల మెత్తగా ఉండే బ్రెడ్డు దగ్గరే చిక్కంతా వస్తుంది. చేత్తో కోస్తే కత్తి ముందుకు పోయినప్పుడు బ్రెడ్డు ముందుకూ, వెనక్కి లాగినప్పుడు వెనక్కీ కదులుతుంది. కదలకుండా అదిమితే లోపలి మెత్తదనం నలిగిపోతుంది. కరెంటు కత్తిలో పక్కపక్కనే ఆనుకుని ఉన్న రెండు బ్లేడ్లు ఒకదానికొకటి ఎదురుగా ఆడుతుంటాయి కనుక బ్రెడ్డు ఎటూ జరగదు, కత్తిని దాని బరువుకు వదిలేస్తే చాలు, అదే దిగుతుంది. నాలాగా వేళ్ల కీళ్లు నొప్పులున్నవారికీ, ఒకేసారి మూడు నాలుగు బ్రెడ్లు కోసి ఫ్రీజర్‌లో దాచుకునేవారికీ ఇది నిజంగా ఉపయోగం. అయితే మీటను కోస్తున్నంతసేపూ నొక్కి పట్టుకోవాలి కాబట్టి, వీలుంటే కొట్లోనే చేతిలోకి తీసుకుని, పిడి లావు, మీట బిగువు తమ చేతికి సరిపడేదీ లేనిదీ చూసుకోవాలి. వేలు తీయగానే ఆగిపోయే మీట ఉన్నదాన్నే ఎంచుకోవాలి. బ్లేడు మీ బ్రెడ్డు అడ్డం కొలత కన్నా నాలుగైదు వేళ్లయినా పొడవుండాలి.

ఎంత మంచి కత్తయినా వేడి బ్రెడ్డును కోయలేదు. ఓవెన్ నుంచి తీశాక లోపలి పిండిపదార్థం గట్టిపడడానికి కనీసం రెండు గంటలు పడుతుంది. మనవలు గోల పెడుతున్నారని నేను అరగంటకే కోసినప్పుడల్లా బ్లేడ్ల మధ్య జిగురు జిగురుగా ముద్ద పట్టింది. చల్లారిన బ్రెడ్డును పక్కకు పడుకోబెట్టి కోస్తే పైభాగం అణగదు.

ఇక వాడిన తరువాత చూసుకోవలసిన తీరు. ముందు ప్లగ్గు తీయాలి, ఆ తరువాతే బ్లేడ్లు ఊడదీయాలి. బ్లేడ్లను సబ్బునీళ్లతో కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టాలి. మోటారు ఉండే పిడిని నీళ్లలో ముంచకుండా తడిగుడ్డతో తుడిచి, బ్లేడ్లు దూరే సందులో చేరిన రజనును పొడి బ్రష్షుతో దులపాలి. మోటారు చిన్నది కనుక ఆపకుండా ఎన్ని నిమిషాలు నడపవచ్చో కత్తితో పాటు వచ్చే కాగితంలో రాసి ఉంటుంది, దాన్ని దాటకూడదు. రెండు బ్లేడ్లూ జంటగా అమరినవి. ఒకటి పోతే రెండూ మార్చవలసిందే. మొద్దుబారాయని నేను వాటిని కత్తిపీటతో పాటు వీధిలోకి వచ్చిన సానవాడికి ఇచ్చాను. కత్తిపీట పదునెక్కింది గానీ బ్లేడ్ల పళ్లన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. తప్పు అతనిది కాదు, ఆ పళ్లు సానరాయికి అందేవి కావు. కొత్త జంట కోసం అడిగితే, విడిగా బ్లేడ్లు అమ్మబోమని, కావాలంటే మొత్తం కత్తినే మళ్లీ కొనుక్కోమని విక్రేత సమాధానమిచ్చాడు. నాలుగు నెలల తరువాత మరో ఊరి దుకాణంలో అదే నమూనా బ్లేడ్లు దొరికాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే బాగున్న మోటారును చెత్తబుట్టలో వేయవలసి వచ్చేది.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఇకమీదట మీ అనుబంధంలో ఏ వంటింటి పరికరం గురించి రాసినా, ధరతో పాటు అది ఎన్ని వోల్టులకు తయారైనదో, దాని విడిభాగాలు మన ఊళ్లలో దొరుకుతాయో లేదో కనుక్కుని, ఒక వాక్యమైనా వేయించండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం