అనుభవజ్ఞులైన సంపాదకులు పాఠం చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

దశాబ్దాల పాటు పత్రికలను నడిపిన సంపాదకులు విశ్రాంతి తీసుకున్నాక సభల్లో, టీవీ చర్చల్లో కనిపిస్తున్నారు గానీ, విశ్వవిద్యాలయ తరగతి గదికి చేరుతున్నవారు బహు తక్కువ. ఇది జర్నలిజం విద్యార్థులకు జరుగుతున్న నష్టమని నా అభిప్రాయం.

అమెరికాలో జీన్ రాబర్ట్స్ 1972 నుంచి 1990 వరకు ఫిలడెల్ఫియా ఇంక్వైరర్‌కు సారథ్యం వహించారు. ఆ కాలంలో ఆ పత్రికకు అక్కడి పత్రికారంగంలో అత్యున్నతమైన పులిట్జర్ బహుమతులు 17 దక్కాయి. ఆ తర్వాత ఆయన మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం ఆచార్యులయ్యారు. మధ్యలో న్యూయార్క్ టైమ్స్ మేనేజింగ్ ఎడిటర్‌గా మూడేళ్లు పనిచేసినా, తిరిగి పాఠాలు చెప్పడానికే వచ్చి 2010 దాకా కొనసాగారు.

అలాంటివారు నేర్పగలిగేది ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. లైంగిక దాడికి గురైన బాలిక గురించి గ్రామీణ విలేకరి వార్త పంపుతాడు. పేరు రాయలేదు కాబట్టి ఇబ్బంది లేదనుకుంటాడు కొత్తగా చేరిన సబ్ ఎడిటర్. కానీ ఊరు, బడి, తండ్రి చేసే పని అన్నీ అందులో ఉంటే ఆ పిల్ల ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ఈ వివరాలను కూడా నిషేధించింది. ఆ సెక్షన్‌ను ఏ అధ్యాపకుడైనా వివరించగలరు. పేజీని అచ్చుకు వదలాల్సిన వేళ ముంచుకొస్తుండగా ఏ వాక్యం కొట్టేయాలో, విలేకరికి ఫోన్ చేసి ఏమడగాలో, ఏది ఉంచితే నేర తీవ్రత పాఠకుడికి అందుతుందో మాత్రం ఏళ్ల తరబడి ఆ పని చేసినవారే చూపించగలరు.

పత్రికలు నడిపే జర్నలిజం పాఠశాలలు మేలు చేయలేదని అనను. ఈనాడు పాఠశాలలో భాషావేత్త బూదరాజు రాధాకృష్ణ ఇచ్చిన శిక్షణను ఎందరో పాత్రికేయులు నేటికీ తలుచుకుంటారు. అయితే ఏ సంస్థ అయినా తన అవసరాలకు తగ్గట్టే తీర్చిదిద్దుకుంటుంది. యాజమాన్యాన్ని కూడా ప్రశ్నించే దృష్టి విశ్వవిద్యాలయంలోనే అలవడాలి.

పీహెచ్‌డీ, అధ్యాపక అర్హత పరీక్ష నెట్ లేవన్న అడ్డంకి ఇప్పుడు లేదు. కనీసం పదిహేనేళ్ల అనుభవం ఉన్న నిపుణులను మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకుండా ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా తీసుకోవచ్చని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. గరిష్ఠ గడువు మూడేళ్లు, తప్పనిసరైతే నాలుగు. రెండేళ్ల పీజీ కోర్సులో ఈలోగా రెండు మూడు బృందాలకే మొదటి నుంచి చివరి దాకా పాఠం చెప్పగలరు; ఇది చాలదు, యూజీసీ దీన్ని పెంచాలి. పరిశ్రమ నిధులతోనూ ఈ నియామకాలు చేయవచ్చు గానీ, జర్నలిజం శాఖల్లో మాత్రం విశ్వవిద్యాలయమే జీతమివ్వాలి; పత్రికాధిపతి సొమ్ముతో నడిచే పీఠం మీద కూర్చుని పత్రికల తప్పులను చెప్పడం కష్టం.

1954లోనే జర్నలిజం శాఖను ప్రారంభించిన ఉస్మానియా ఇందుకు చొరవ చూపాలి. ఈ పదవులు పాలకులకు అనుకూలంగా రాసినవారికి బహుమానాలుగా మారకుండా ఉండేందుకు, ఎంపిక కమిటీ సభ్యుల పేర్లను, అభ్యర్థుల అర్హతలను ముందుగానే బహిరంగంగా ప్రకటించాలని రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను కోరుతున్నాను.

– విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, హనుమకొండ