ఆదివారం సాయంత్రం పుల్లెల వారి జయంతి, అందరూ రండి

అందరికీ నమస్కారం 🙏

అక్టోబరు 24 పుల్లెల శ్రీరామచంద్రుడు గారి జయంతి. ఆ రోజు చాలామందికి ఆఫీసు ఉందన్నారు కాబట్టి ఆదివారం సాయంత్రం 5కి, మన అపార్ట్‌మెంట్ హాల్లోనే పెట్టుకుంటున్నాం.

కొత్తగా చేరినవాళ్ల కోసం: ఆయన 1927లో కోనసీమ ఇందుపల్లిలో పుట్టారు, ఉస్మానియాలో సంస్కృతం చెప్పారు, 2011లో పద్మశ్రీ వచ్చింది, 2015లో పోయారు. పీహెచ్‌డీ జగన్నాథ పండితరాయల అలంకారశాస్త్రం (కావ్యాల అందాన్ని చర్చించే శాస్త్రం) మీద, ఆ పండితరాయలదీ కోనసీమే లెండి! ధ్వన్యాలోకం అనే అలంకారశాస్త్ర గ్రంథం, కౌటిల్యుడి అర్థశాస్త్రం కూడా తెలుగు చేశారు గానీ, నన్నడిగితే బిరుదులన్నీ ఒక ఎత్తు, వాల్మీకి రామాయణానికి ఆయన రాసిన ప్రతిపదార్థం ఒక ఎత్తు, సంస్కృతం మొదలుపెట్టేవాళ్లు చదివే శబ్దమంజరి ముట్టుకోనివాళ్లు కూడా శ్లోకంలో ఏ మాట దేనితో కలుస్తుందో దాన్ని పట్టుకుని చెప్పేయగలరు.

మీరు చేయాల్సింది: సుందరకాండలో నచ్చిన శ్లోకం ఒకటి, ఆయన ప్రతిపదార్థంతో సహా చదవాలి. పుస్తకం లేనివాళ్లు చెప్పండి, ఆ పేజీ ఫోటో పంపిస్తాను. ఉచ్చారణ తప్పుతుందేమోనని టెన్షన్ వద్దు, సంస్కృత విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలు ఇద్దరు వస్తున్నారు, దిద్దుతారు.

గురువారం రాత్రిలోగా పేరు, శ్లోకం సంఖ్య ఇక్కడే పెట్టండి, ఇద్దరు ఒకటే తెస్తే కుదరదు.

అలిపిరి వైపు నుంచి వచ్చేవాళ్లు కాస్త ముందే బయల్దేరండి, ఆదివారం యాత్రికుల రద్దీ తెలిసిందే. టీ, పులిహోర ఉంటాయి.

ఈ మూడు రోజులు గుడ్ మార్నింగ్ ఫార్వర్డులు ఆపండి బాబూ, పేర్లు కిందికి పోతున్నాయి 😄